న్యాయ సలహా: విడాకులు వచ్చాయి, మరి ఆస్తుల సంగతి?

ప్రశ్న: మా పెళ్లి గుంటూరులో జరిగింది. చాలా ఏళ్లుగా ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటున్నాం. ఇద్దరం కలిసి ఆన్‌లైన్‌లో విడాకులకు దరఖాస్తు చేసుకున్నాం, ఫైనల్ ఆర్డర్ కూడా వచ్చింది. ఆస్తుల గురించి కాగితం ఏదీ రాసుకోలేదు. నా కిరాణా కంపెనీ షేర్లన్నీ నా పేరు మీదే ఉన్నాయి. ఇక ఏ చిక్కూ ఉండదు కదా? ఈ విడాకులు ఇండియాలో చెల్లుతాయా? – ఒక పాఠకుడు, లెస్టర్

జవాబు: చిక్కు ఉంది, అదీ మీరు నిశ్చింతగా ఉన్న చోటే. ఇంగ్లండ్‌లో ఫైనల్ ఆర్డర్ వివాహబంధాన్ని తెంచుతుందే తప్ప, భార్యాభర్తలకు ఒకరి ఆస్తిపై మరొకరికి ఉన్న హక్కుల జోలికి పోదు. 1992లో విడాకులు పొందిన ఒక జంట విషయంలో, ఆ తరువాత పవన విద్యుత్ వ్యాపారంలో బాగా సంపాదించిన మాజీ భర్తపై భార్య 2011లో వేసిన దరఖాస్తును విచారించవచ్చని 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పింది. షేర్లు ఎవరి పేరున ఉన్నాయన్నది అక్కడ ఒక్కటే లెక్క కాదు. అక్కడి 1973 నాటి వివాహ వివాదాల చట్టంలోని 25వ సెక్షన్ ప్రకారం మీ భార్య ఇల్లు చూసుకోవడం, పిల్లలను పెంచడం కూడా కుటుంబానికి చేసిన దోహదంగానే కోర్టు పరిగణిస్తుంది. ఇండియాలో మీకున్న స్థలాలు, పొలాలు కూడా కోర్టుకు చెప్పి తీరాలి.

అందుచేత సఖ్యత ఉండగానే ఆస్తుల ఒప్పందాన్ని సొలిసిటర్ (అక్కడి న్యాయవాది) చేత 'కన్సెంట్ ఆర్డర్'గా, అంటే ఇద్దరి సమ్మతితో కోర్టు ఇచ్చే ఉత్తర్వుగా రాయించి, ఇద్దరి ఇళ్లు, బ్యాంకు నిల్వలు, పెన్షన్లు, అప్పులు నింపిన డీ81 ఫారంతో కోర్టుకు పంపండి. ఫైనల్ ఆర్డర్ వచ్చిన తరువాత కూడా ఇది చేయవచ్చు. వ్యాపారం విలువను తగ్గించి చూపే ఆలోచన మాత్రం వద్దు; దాచిన సంగతి బయటపడితే ఆర్డర్‌నే తిరగదోడవచ్చు.

ఇండియా విషయానికొస్తే, తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒక జంటకు అమెరికాలోని మిస్సోరి కోర్టు ఇచ్చిన విడాకులను మన సుప్రీంకోర్టు 1991లో గుర్తించలేదు. హిందూ వివాహ చట్టంలో లేని కారణంతో, భార్య అంగీకారం లేకుండా తెచ్చుకున్న డిక్రీ చెల్లదని ఆ తీర్పు సారాంశం. 2022 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్‌లో తప్పు ఎవరిదో చెప్పనక్కరలేని విడాకులు అమల్లో ఉన్నందున, ఒక్కరే వేసిన దరఖాస్తుకు ఈ ముప్పు ఎక్కువ. మీరు ఇద్దరూ కలిసి వేశారు కాబట్టి ఆమె సమ్మతికి అదే గట్టి ఆధారం. ఆ దరఖాస్తు నకలును భద్రపరచండి, ఫైనల్ ఆర్డర్‌పై అపోస్టిల్ ముద్ర (పత్రం అసలైనదని విదేశాల కోసం ఇచ్చే అధికారిక ధ్రువీకరణ) వేయించుకోండి. మళ్లీ పెళ్లి ఆలోచన ఉంటే, అంతకు ముందే గుంటూరు ఫ్యామిలీ కోర్టులో మీ వైవాహిక స్థితిపై డిక్లరేషన్ (కోర్టు ప్రకటన) కోరడం గురించి అక్కడి న్యాయవాదితో మాట్లాడండి.