టెక్ సందేహాలు: ఏరోప్లేన్ మోడ్‌లో తీసిన ఫొటోకి లొకేషన్ ఎలా వచ్చింది?

ప్రశ్న: అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో ఉన్న బిస్టీ ఎడారిలో, గుట్టల మధ్య ఎవరికీ అంతగా తెలియని రాతి ఆకారాలను ఫోన్‌తో తీశాను. రోజంతా ఏరోప్లేన్ మోడ్‌లోనే ఉంచాను. క్వాలిటీ పోకూడదని ఫొటోలను వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే, నా ఫ్రెండ్ ఆ రాయి ఉన్న చోటును మ్యాప్‌లో చూపించాడు. ఎలా సాధ్యం?

జవాబు: సెలవులు అయ్యాక ప్రతిసారీ వచ్చే ఫిర్యాదే ఇది. ఏరోప్లేన్ మోడ్ ఆపేది ఫోన్ బయటికి పంపే సిగ్నళ్లను. జీపీఎస్ ఏమీ పంపదు, ఉపగ్రహాలు చెప్పేది వింటుంది, అంతే. అందుకే ఇప్పటి ఫోన్లలో చాలావాటిలో అది ఆగదు. బిస్టీలాంటి బయలులో ఆకాశానికి అడ్డే లేదు కాబట్టి దాదాపు 5 మీటర్ల తేడాతో చోటు పట్టేస్తుంది. అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, ఒక్కోసారి కెమెరా తిరిగిన దిక్కు కూడా ఫొటో ఫైల్‌లోనే కనపడకుండా ఉండే వివరాల్లోకి, అంటే ఎక్సిఫ్ డేటాలోకి ఎక్కుతాయి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ డేటా పోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఫైల్ ఉన్నదున్నట్టు వెళ్తుంది.

విమానం బొమ్మ నొక్కితే అన్నీ ఆగిపోతాయనుకోవడం మీ తప్పు కాదు. ఏది ఆగింది, ఏది ఆగలేదు అని అక్కడే ఒక్క లైను రాయకపోవడం ఫోన్ తయారుచేసేవాళ్ల నిర్లక్ష్యం.

అలాగని లొకేషన్ మొత్తం ఆపేయకండి. బిస్టీలో గుర్తులు పెట్టిన కాలిబాటలు లేవు, ఒక వాగు ఇంకో వాగులాగే ఉంటుంది, తిరిగి కారు దగ్గరికి రావడానికి జీపీఎస్ కావాలి. దగ్గర్లోని ఫార్మింగ్‌టన్ ఊళ్లో ఉండగానే ఆఫ్‌లైన్ మ్యాప్ దింపుకొని, కారు దిగగానే పిన్ పెట్టుకోండి. తీసేయాల్సింది కెమెరాకు ఇచ్చిన లొకేషన్ పర్మిషన్ ఒక్కటే. ఐఫోన్‌లో ప్రైవసీ సెట్టింగ్స్‌లోని లొకేషన్ సర్వీసెస్‌లో కెమెరాకు ‘నెవర్’ పెట్టండి. ఆండ్రాయిడ్‌లో కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆపి, ఆ యాప్‌కున్న లొకేషన్ పర్మిషన్ కూడా తీసేయండి. పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ మళ్లీ చూసుకోండి.

ఇప్పటికే తీసినవాటికి: ఐఫోన్‌లో షేర్ చేసేటప్పుడు పైన కనిపించే ‘ఆప్షన్స్’లో లొకేషన్ ఆఫ్ చేయొచ్చు. విండోస్‌లో ఫైల్ ప్రాపర్టీస్, డీటెయిల్స్‌లో తొలగించే లింకు ఉంటుంది. వందల ఫొటోలుంటే, ఈ డేటాను ఒకేసారి చెరిపే ఎక్సిఫ్‌టూల్ అనే ప్రోగ్రామ్ వాడండి. కానీ రెండుచోట్ల దెబ్బ తింటారు. అది మార్చే ముందు పాత ఫైల్‌ను ‘ఒరిజినల్’ అనే తోకతో పక్కనే ఉంచుతుంది, ఫోల్డర్ మొత్తం అప్‌లోడ్ చేస్తే లొకేషన్ కూడా దాంతోపాటు బయటికి వెళ్లిపోతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చిన ఫొటోల్లో ఎక్స్‌ఎంపీ అనే మరో విభాగంలో ఇంకో కాపీ ఉండొచ్చు, ఎక్సిఫ్‌లోది చెరిపినా అది మిగులుతుంది. వీడియోల్లోనూ లొకేషన్ ఉంటుందని మరవకండి.

నన్ను ఎక్కువగా భయపెట్టేది నడక యాప్. ఫొటోలన్నీ శుభ్రం చేసి, ఆ రోజు నడిచిన దారిని పబ్లిక్‌గా పెట్టేవాళ్లున్నారు. పది నిమిషాలు ఆగిన చోటల్లా అందులో ముద్దగా కనిపిస్తుంది. 2018 జనవరిలో ఒక వ్యాయామ యాప్ వాడేవాళ్లు తిరిగిన దారులన్నీ చూపే మ్యాప్‌లో (హీట్‌మ్యాప్) సైనిక స్థావరాల్లో జవాన్లు పరుగెత్తిన దారులే బయటపడ్డాయి. ఇలాంటి యాప్‌లలో ‘అందరికీ కనిపించాలి’ అన్నదే డిఫాల్ట్‌గా ఉంచడం క్షమించరానిది.

‘రాయే కదా’ అనేవాళ్లకు: బిస్టీ ఆకారాల్లో పైన గట్టి ఇసుకరాయి, కింద మెత్తటి మట్టిరాయి. చేయి ఆనించినా అంచు రాలుతుంది. సుమారు 7.4 కోట్ల ఏళ్ల నాటి డైనోసార్ ఎముకలు, రాయిగా మారిన చెట్ల మొద్దులు అక్కడే బయటపడి ఉంటాయి. వాటిని తీసుకెళ్లడం నిషిద్ధం, అయినా కచ్చితమైన చోటు చేతికిస్తే దొంగకు వెతికే పనే తప్పుతుంది. పోస్టులో ‘బిస్టీ’ అని రాస్తే చాలు, పిన్ అక్కర్లేదు.

ప్రశ్న: అక్కడ డ్రోన్ ఎగరేయొచ్చా?

జవాబు: కుదరదు. అది ప్రకృతిని ఉన్నదున్నట్టు కాపాడే 1964 నాటి అమెరికా వైల్డర్‌నెస్ చట్టం కిందికి వచ్చే ప్రాంతం, లోపలి నుంచి డ్రోన్ లేపడం, దించడం రెండూ నిషేధమే. ట్రైపాడ్ పట్టుకెళ్లండి.