ఆ పొక్కులు సాలెపురుగు పని కాదు

ప్రశ్న: మాది గుత్తిలో కడప బండల కప్పున్న పాత ఇల్లు. రాత్రిపూట గోడల మీద అరచేయంత సాలెపురుగులు తిరుగుతున్నాయి. ఒకటి కడుపు కింద తెల్లటి బిళ్ల మోస్తోంది. మొన్న పొద్దున మా పాప మెడ మీద వాత పెట్టినట్టు గీతలా పొక్కులు లేచాయి. సాలెపురుగు పాకిందని, పసరు పూయమని అత్తయ్యగారు అంటున్నారు. గుత్తి పేరుతో నీలం రంగు విషపు సాలీడు ఉందని ఫోనులో బొమ్మ కూడా వచ్చింది. ఇల్లంతా మందు కొట్టించాలా?
– ఒక గృహిణి, గుత్తి

జవాబు: ముందు పాప సంగతి చూద్దామమ్మా. పసరు వద్దు, డాక్టరుకు చూపించండి. సాలెపురుగు ఒంటి మీద పాకినంత మాత్రాన పొక్కులు రావు. మీరు రాసిన తీరు చూస్తే ట్యూబులైటు చుట్టూ మూగే ఒక సన్నటి పురుగు మీద నాకు అనుమానం. నారింజ, నలుపు పట్టీలతో చీమలా ఉంటుంది. వానాకాలంలో ఎక్కువ. అది కుట్టదు. నిద్రలో చేత్తో నలిపేస్తే దాని ఒంట్లోని రసం చర్మాన్ని కాలుస్తుంది, మర్నాటికి గీతలా పొక్కులు లేస్తాయి. ఒంటి మీద వాలితే నలపకుండా ఊదేయండి. నలిగితే వెంటనే సబ్బుతో కడగండి, ఆ చేత్తో కన్ను నలుపుకోనివ్వకండి. దిండు గలీబులు ఉతికేయండి.

పెద్దవాళ్ల విషయంలో ఇంకో మాట గట్టిగా చెప్పాలి. నడుముకో ఛాతీకో ఒకవైపే మంట పుట్టి, పట్టీలా పొక్కులు లేస్తే అది సర్పి కావచ్చు. దాన్నీ సాలెపురుగు మీదకు నెట్టి మంత్రాలు వేయిస్తారు. సర్పికి మందు మొదటి 72 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. ఆ మూడు రోజులు మంత్రానికి పోతే, తర్వాత నెలల తరబడి నరాల నొప్పితో బాధపడేవాళ్లున్నారు. కంటి దగ్గర లేస్తే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

గోడ మీది పెద్దది గూడు అల్లదు, వేటాడి తింటుంది. అనంతపురంలో మా ఇంట్లోనూ క్యాలెండరు వెనక ఒకటి ఉంటుంది. పగలంతా బల్లపరుపుగా అతుక్కుని, లైట్లు ఆపాక పీతలా పక్కకు జరుగుతూ బయటికొచ్చి బొద్దింకను పట్టేస్తుంది. మీరు చూసిన తెల్లటి బిళ్ల దాని గుడ్ల సంచి. పిల్లలు బయటికొచ్చేదాకా తల్లి దాన్ని వదలదు. చేత్తో అదిమి పట్టుకుంటే కరవవచ్చు. నొప్పి, కాస్త వాపు ఉంటాయి, ప్రాణభయం లేదు. పాప గదిలో వద్దనుకుంటే వెడల్పు సీసా బోర్లించి, అడుగున శుభలేఖ అట్ట దూర్చి పెరట్లో వదిలేయండి.

మూలల్లో దారాల్లాంటి కాళ్లతో వేలాడేవి వేరు. తాకబోతే గిరగిరా ఊగిపోతాయి. ఆడది గుడ్లను నోటితో పట్టుకుని మోస్తుంది, దగ్గరికెళ్లి చూడండి. దోమలు తింటాయి. దుమ్ము పట్టి నల్లబడిన బూజు చాలావరకు అవి వదిలేసిన పాత గూళ్లే కాబట్టి నిరభ్యంతరంగా దులపండి.

సాలెపురుగుల కోసమని మందు కొట్టించడం దండగ. పసిపిల్ల తిరిగే ఇంట్లో అసలే వద్దు. బండల సందులు సిమెంటుతో పూడ్పించి, కిటికీలకు దోమతెర వేయించండి. పడుకునే గదిలో తెల్లటి ట్యూబులైటు తీసి పసుపు బల్బు పెడితే పురుగులు తగ్గుతాయి.

ఫోనులో వచ్చిన నీలం సాలీడు నిజంగానే ఉంది. గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన నమూనాను 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త వర్ణించారు. అడవి నుంచి కలపతో పాటు వచ్చి ఉంటుందని శాస్త్రవేత్తల అభిప్రాయం. మళ్లీ కనబడింది 2001లోనే, నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో. అది ఉండేది చెట్టు తొర్రల్లో. 2008లో దాన్ని అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో చేర్చారు. చెట్లు కొట్టేయడం ఒక కారణమైతే, అందం చూసి విదేశాల్లో పెంపకానికి పట్టుకెళ్లడం ఇంకొకటి. మీ గోడ మీదకు వచ్చే ప్రాణి కాదమ్మా అది. ఆ బొమ్మ పంపినవారికి ఈ సంగతి చెప్పండి. నీలం సాలీళ్లు కొంటామని ఎవరైనా ఊళ్లో తిరిగితే అటవీ శాఖవారికి కబురు చేయండి.