షెర్మన్ చట్టం 1890లో వస్తే స్టాండర్డ్ ఆయిల్ 1911 దాకా ఎలా నిలిచింది?

మీరు తికమక పడుతున్నది తేదీల దగ్గర కాదు, ‘ట్రస్ట్’ అనే మాట దగ్గర. గుత్తాధిపత్యాన్ని అడ్డుకునే అమెరికా కేంద్ర చట్టం (షెర్మన్ చట్టం) వచ్చాక కూడా రాక్‌ఫెల్లర్ చమురు కంపెనీ స్టాండర్డ్ ఆయిల్ 21 ఏళ్లు ఎలా బతికిందని కదా అడిగారు. ఈ వరుసలో చూడండి.

1. 1882: అసలైన ట్రస్ట్ ఇది. వేర్వేరు కంపెనీల వాటాదారులు తమ షేర్లను తొమ్మిది మంది ట్రస్టీల చేతిలో పెట్టి, బదులుగా సర్టిఫికెట్లు తీసుకున్నారు. పేరుకు కంపెనీలు చాలా, పెత్తనం ఒక్కచోటే.

2. 1892: ఒహాయో సుప్రీంకోర్టు దీన్ని తప్పుపట్టింది. అది రాష్ట్ర కోర్టు, షెర్మన్ చట్టం కింద వచ్చిన తీర్పు కాదు.

3. చాలామంది దాటేసేది న్యూజెర్సీని. ఒక కంపెనీ ఇంకో కంపెనీ షేర్లు ఉంచుకోవచ్చని ఆ రాష్ట్రం 1889 నాటికే చట్టం మార్చేసింది. ఇక ట్రస్టీలతో పనేముంది? 1899లో స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ న్యూజెర్సీ హోల్డింగ్ కంపెనీగా మారి మిగతావాటి షేర్లు తన గుప్పిట్లో పెట్టుకుంది. బోర్డు మారింది, కొట్టు అదే. జనం మాత్రం దాన్నీ ‘ట్రస్ట్’ అనే పిలిచారు. మీ తికమక అంతా ఇక్కడిదే.

4. ఈలోగా చక్కెర శుద్ధి కంపెనీల మీద నడిచిన 1895 కేసులో, తయారీ వేరు, వాణిజ్యం వేరు, ఈ చట్టం వాణిజ్యానికే వర్తిస్తుంది అని అమెరికా సుప్రీంకోర్టు అనడంతో షెర్మన్ చట్టం కోరలు ఊడినట్టయింది. 1904లో నార్తర్న్ సెక్యూరిటీస్ అనే రైల్వే హోల్డింగ్ కంపెనీ ఓడిపోయాకే గాలి మారింది.

5. 1906లో అమెరికా కేంద్ర ప్రభుత్వం షెర్మన్ చట్టం కింద స్టాండర్డ్ ఆయిల్‌పై కేసు వేసింది. 1911 మేలో తీర్పు: కంపెనీ 34 ముక్కలు.

జవాబు రాసేటప్పుడు 1882కి ‘ట్రస్ట్’ అని, 1899కి ‘హోల్డింగ్ కంపెనీ’ అని విడివిడిగా రాయండి.