పేవర్ బ్లాకుల కింద ఏ ఇసుక పరవాలి?

ప్రశ్న: కారు నిలిపే చోట పేవర్ బ్లాకులు వేయించాలనుకుంటున్నాము. కింద రాతి పొడి చాలునని మేస్త్రీ అంటున్నారు. ఇసుకలో సిమెంటు కలపడం మేలని మరొకరి సలహా. ఏది సరైనది?

జవాబు: రెండూ వద్దనే నా అభిప్రాయం. బ్లాకుల కింద పరిచే పొరకు గరుకుగా, కోణాలు తేలి ఉండే, కడిగిన ముతక ఇసుక తగినది. దాని రేణువులు సుమారు 4 మిల్లీమీటర్లకు మించకూడదు. రాతి పొడిలో మెత్తని ధూళి ఎక్కువగా ఉంటుంది కనుక అది నీటిని పట్టి ఉంచుతుంది. తడిసిన ఆ పొర మీద చక్రాల బరువు పదేపదే పడినప్పుడు బురదలా మారి కీళ్లలోంచి పైకి చిమ్ముతుంది, బ్లాకులు కుంగిపోతాయి. గుప్పెడు తడి ఇసుకను పిండి వదిలితే అరచేతికి బురద అంటుకుంటుందేమో చూడండి. అంటుకుంటే ఆ ఇసుక పనికిరాదు. సిమెంటు కలిపిన పొర బిగుసుకుని, కదలికకు పగుళ్లు తీస్తుంది, నీటినీ సరిగా పోనివ్వదు.

దిమ్మిస కొట్టిన తరువాత ఈ పొర మందం దాదాపు 30 మిల్లీమీటర్లు ఉంటే చాలు. అడుగున కంకర పొరలో ఉన్న ఎత్తుపల్లాలను ఇసుకతో సరిచేయనివ్వకండి, ఎందుకంటే ఇసుక మందంగా పడిన చోటే తరువాత గుంట ఏర్పడుతుంది. కీళ్లలో నింపడానికి మాత్రం సన్నని పొడి ఇసుక వేరుగా తెప్పించుకోండి. నీరు భూమిలోకి ఇంకే రకం బ్లాకులైతే ఇసుకకు బదులు 2 నుంచి 6 మిల్లీమీటర్ల శుభ్రమైన రాతి చిప్స్ వాడాలి.