సెంట్రింగ్ లేని గుమ్మటం

ప్రశ్న: ఇటలీలోని ఫ్లోరెన్స్ కెథెడ్రల్ గుమ్మటాన్ని బ్రూనెలెస్కీ సెంట్రింగ్ (కట్టేటప్పుడు కింద నుంచి మోసే తాత్కాలిక చట్రం) లేకుండా కట్టాడంటారు. నేను చిన్న నమూనా కడుతుంటే నాలుగో వరసకే ఇటుకలు లోపలికి జారిపోతున్నాయి. తప్పెక్కడ?
– ఆర్కిటెక్చర్ విద్యార్థిని, మాసాబ్ ట్యాంక్, హైదరాబాద్

జవాబు: వరస పూర్తిగా చుట్టూ కలిసిందంటే ఇక జారదు, ఇటుకలు ఒకదాన్నొకటి నొక్కిపట్టుకుంటాయి. ప్రమాదమంతా అది కలిసేలోపే. అందుకే ఆయన పడుకోబెట్టిన ఇటుకల మధ్య అక్కడక్కడా ఒకటి నిలువుగా పెట్టించాడు. అది కింది వరసల్లోకి దిగి, తన పక్క ఇటుకలను బిగించి ఉంచుతుంది. మీరు ప్రతి నాలుగు ఇటుకలకూ ఒకటి నిలబెట్టండి, పై వరసలో దాన్ని ఒక ఇటుక పక్కకు జరపండి. చేప ముల్లులా మెలిక తిరుగుతూ పైకి పోతుంది. ఇటుకలు ముందే నానబెట్టండి. పొడి ఇటుక మాలులోని నీళ్లు పీల్చేసి పట్టు పోగొడుతుంది. వరస మూసుకోకుండా పై వరస మొదలెట్టొద్దు.

అడుగున గుమ్మటం బయటికి తోస్తుంది, నిలువు పగుళ్లు వస్తాయి. దానికి ఆయన ఇనుప బందులతో బిగించిన ఇసుకరాతి గొలుసులు చుట్టించాడు. మీ నమూనాకు తీగ చాలు.

1401లో ఫ్లోరెన్స్ బాప్టిస్టరీ (జ్ఞానస్నాన మందిరం) తలుపుల పోటీలో మరో శిల్పి గిబెర్టీ చేతిలో ఓడిన శిల్పి ఈ బ్రూనెలెస్కీనే. 1420లో మొదలైన గుమ్మటం 1436కి ముగిసింది. ఆ పనిని నేనైతే ఏ శిల్పానికీ తీసిపోనివ్వను.