మేస్త్రీ మీద నాకూ లెక్కుంది, అదే కేసులో అడగొచ్చా?

ప్రశ్న: లేబరూ మెటీరియలూ కలిపి కాంట్రాక్టుకిచ్చి ఇల్లు కట్టించుకున్నాం. ఆఖరి బాకీ 4,80,000 రావాలని మేస్త్రీ ఇప్పుడు నా మీద దావా వేశాడు. అతను కట్టిన శ్లాబు మొదటి వానకే కారింది. హాల్లో రెండు బకెట్లు, మంచం పక్కన ఒక గిన్నె పెట్టుకుని పడుకున్నాం. ఫోన్ చేస్తే "వస్తున్నా సార్" అనడమే, వచ్చింది లేదు. చివరికి వేరేవాళ్లతో పైపూతంతా కొట్టించి వాటర్‌ప్రూఫింగ్ చేయించి, తడిసిన వైరింగ్ మార్పించేసరికి 6,10,000 అయింది. ఇది కాక రెండేళ్ల కిందట వాళ్లమ్మాయి పెళ్లికి చేబదులుగా 50,000 ఫోన్‌పే చేశాను, అదీ రాలేదు. ఇల్లు అప్పగించి రెండేళ్ల పది నెలలు, సమన్లు అంది వారం. ముందు ఈ కేసు సంగతి చూద్దాం, మనది తర్వాత వేరేగా వేద్దాం అంటున్నారు మా లాయరుగారు. ఆగమంటారా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఆగకండి. మీ లాయరుగారు చెప్పిన దారి తప్పేం కాదు, వేరే దావా వేసుకునే హక్కు మీకుంది, కానీ మీ విషయంలో కాలెండర్ ఒప్పుకోదు. కాంట్రాక్టు ప్రకారం పని చేయనందుకు నష్టపరిహారం అడగాలంటే మూడేళ్లే గడువు. ఇల్లు అప్పగించిన రోజు నుంచి లెక్కేస్తే మీకు మిగిలింది రెండు నెలలు. లోపం బయటపడింది తర్వాత కదా అని వాదించవచ్చు గానీ, ఆ వాదన మీద 6,10,000 పందెం కాయడం నాకైతే ఇష్టం లేదు.

మీకు పనికొచ్చేది కౌంటర్ క్లెయిమ్. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 8వ ఆర్డర్, 6ఎ రూల్, 1976 సవరణతో వచ్చింది. అంతకుముందు మీలాంటివాళ్లు ఇంకో దావా వేసి, రెండు ఫైళ్లు పట్టుకుని తిరగాల్సివచ్చేది. ఇప్పుడు మీ రిటన్ స్టేట్‌మెంట్‌లోనే, అంటే అతని దావాకి మీరు రాసిచ్చే జవాబులోనే, "అతనికి నేనివ్వాల్సింది లేదు, పైగా అతనే నాకివ్వాలి" అని మీ లెక్క రాసి తీర్పు అడగొచ్చు. దానికి ప్లెయింట్‌తో (దావా పత్రంతో) సమానమైన విలువ ఉంటుంది, కాబట్టి కోర్టు ఫీజు కూడా దావాకి కట్టినట్టే కట్టాలి, ఇది చాలామంది చివరి నిమిషంలో తెలుసుకుని కంగారుపడే సంగతి. మీ క్లెయిమ్ మొత్తం ఆ కోర్టు విచారించగల పరిమితి దాటకూడదు, అదీ ముందే చూసుకోండి.

చేబదులు కూడా కలపొచ్చా అంటే, కలపొచ్చు. కౌంటర్ క్లెయిమ్ అదే కాంట్రాక్టులోంచి పుట్టాలన్న నియమం లేదు, వాది మీద మీకున్న హక్కయితే చాలు. అప్పు రాసుకున్న కాగితం లేకపోయినా ఫోన్‌పే స్టేట్‌మెంట్, ఆ రోజుల్లో అతనితో నడిచిన మెసేజులు తీసి పెట్టుకోండి. దానిక్కూడా డబ్బిచ్చిన రోజు నుంచి మూడేళ్లే.

అసలు మెలిక గడువు దగ్గరుంది. అతని దావా ఎప్పుడు వేశాడన్నది మీకు పనికిరాదు. లిమిటేషన్ చట్టం 3వ సెక్షన్ ప్రకారం మీ కౌంటర్ క్లెయిమ్ కోర్టులో పెట్టిన రోజే మీరు దావా వేసినట్టు. రిటన్ స్టేట్‌మెంట్‌కి సమన్లు అందినప్పటి నుంచి 30 రోజులు, కోర్టు ఒప్పుకుంటే 90 దాకా. మామూలు సివిల్ కేసుల్లో ఆ 90 దాటినా సరైన కారణం చెబితే తీసుకుంటున్నారు కాబట్టి, "ఇంకో వాయిదా అడుగుదాం లెండి" అనడం మన కోర్టుల్లో అలవాటే. మీరు 90వ రోజున తాపీగా వేస్తే రిటన్ స్టేట్‌మెంట్ బతుకుతుంది, శ్లాబు క్లెయిమ్ మాత్రం పోతుంది. ఎందుకంటే ఆలస్యం క్షమించమని అడిగే 5వ సెక్షన్ దావాలకి వర్తించదు. రిటన్ స్టేట్‌మెంట్ వేశాక కూడా కౌంటర్ క్లెయిమ్ పెట్టొచ్చని, అయితే ఇష్యూస్ ఫ్రేమ్ చేసేలోపే, అంటే కేసులో తేల్చాల్సిన అంశాలు కోర్టు ఖరారు చేసేలోపేనని సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జిల బెంచి 2019లో చెప్పింది. అది కోర్టు దయ, మూడేళ్ల లెక్కని ఆపేది కాదు.

అతను భయపడి దావా వెనక్కి తీసుకున్నా మీది ఆగదు, నడుస్తుంది. మీ కౌంటర్ క్లెయిమ్‌కి అతను జవాబు వేయకపోతే కోర్టు మీ వైపు తీర్పివ్వొచ్చు. అతను మాత్రం "ఇది వేరే దావాగా విచారించాలి" అని అర్జీ పెట్టుకోవచ్చు, ఒప్పుకోవడం మానడం కోర్టు ఇష్టం. అతని లెక్కా మీ లెక్కా పూర్తిగా రుజువైతే మీ 6,60,000లో అతని 4,80,000 పోను 1,80,000కి మీకు డిక్రీ వస్తుంది.

శ్లాబు పైపూత కొట్టించేటప్పుడు ఫొటోలు తీశారా? తీయకపోయినా బాగుచేసిన మేస్త్రీని సాక్షిగా తెచ్చుకోండి. ఆయన నోటుపుస్తకంలో రోజువారీ కూలీ లెక్క, మీరిచ్చిన అడ్వాన్సుల కింద సంతకాలు ఉంటే అది బంగారం.

ప్రశ్న: ఇల్లు ఖాళీ చేసి తాళాలు ఇచ్చేశాను. నా అడ్వాన్సు 60,000 ఇవ్వకుండా ఓనరు 90,000 అద్దె బాకీ అని కేసు వేశాడు. ఇదీ కౌంటర్ క్లెయిమేనా?
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీకు సెటాఫ్ చాలమ్మా. ఎంతన్నది ముందే తేలిన డబ్బు, చట్టప్రకారం రావాల్సిన డబ్బు అయితే అతని లెక్కలోంచి కొట్టేయమని అడగడమే సెటాఫ్. పైన ఆ మేస్త్రీ కేసులో నష్టం ఎంతో కోర్టు తేల్చాలి కాబట్టి అది కుదరదు. ఖాళీ చేయకముందు అడిగుంటే మీక్కూడా అడ్వాన్సు అప్పుడే ఎలా వస్తుందని తిప్పికొట్టేవాళ్లు, తాళాలిచ్చారు కాబట్టి ఆ ఇబ్బంది లేదు. గడువు విషయంలోనూ మీకు నయం, సెటాఫ్‌ని ఓనరు దావా వేసిన తేదీనాడే వేసినట్టు చూస్తారు. దీనిక్కూడా కోర్టు ఫీజు ఉంటుంది. తాళాలిచ్చిన రోజు ఓనరుకి పంపిన వాట్సాప్ మెసేజు మాత్రం డిలీట్ చేయకండి.