లక్షద్వీప్‌లో పగడాల జాతులు అండమాన్‌లో కన్నా తక్కువ ఎందుకు?

చెన్నై నుంచి రెండుచోట్లకూ వెళ్లి వచ్చిన మీరు, అండమాన్‌లోనే ఎక్కువ రకాల పగడాలు ఎందుకని అడిగారు. ప్రధాన కారణం దూరమే. పగడాల డింభకాలు (లార్వాలు, అంటే పిల్ల దశలో ఉన్నవి) కొన్ని రోజులు, మహా అయితే కొన్ని వారాలు నీటిలో తేలుతూ ప్రవాహం చేర్చిన చోట అతుక్కుంటాయి గనుక, దిబ్బలు కట్టే జాతులు సుమారు 600 నివసించే ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ సముద్రాలకు దగ్గరగా ఉన్న అండమాన్‌కు చేరినన్ని జాతులు అరేబియా సముద్రంలోని లక్షద్వీప్‌కు చేరలేదు.

నివాసాల తేడా కూడా ఉంది. లక్షద్వీప్‌లోనివి మడుగు చుట్టూ వలయంలా ఏర్పడిన పగడపు దీవులు (అటాల్‌లు). కుంగిపోతున్న అగ్నిపర్వతం చుట్టూ పగడాలు పైకి పెరుగుతూ పోగా చివరికి మిగిలే వలయమే ఇటువంటి దీవి అని డార్విన్ 1842లో వివరించాడు. అక్కడ ఉండేవి లోపలి మడుగు, దిబ్బ పైభాగం, వెలుపలి వాలు; అండమాన్‌లోనైతే మడ అడవుల అంచులు, లోతైన అఖాతాలు కూడా ఉన్నాయి.

అయితే ఏకాంతం పూర్తిగా నష్టమేమీ కాదు. ఆస్ట్రేలియాకు వాయవ్యాన ఒంటరిగా ఉన్న స్కాట్ దిబ్బ 1998 నాటి వేడికి చాలావరకు పాలిపోయి చచ్చినా, మిగిలిన పగడాల సంతానంతోనే సుమారు 12 ఏళ్లలో కోలుకుంది; మనుషుల వల్ల కలిగే కాలుష్యం, అతి చేపలవేట అక్కడ లేకపోవడం అందుకు తోడ్పడింది.

మెరీనా వద్ద ఇవి ఎందుకు లేవంటే, కదిలే ఇసుక, బురదనీరు వీటికి సరిపడవు. పాండీబజారులో ఉంగరానికి కొనే ఎర్ర పగడం మాత్రం వేరే వర్గానిది. అది దిబ్బలు కట్టదు.